పిండి మేడం

ఇంటాయన పొద్దున మళ్ళీ ఫోన్ చేశాడు. నా ఇంటి ఓనరు కాదు, మేడం కిరాయికున్న గది ఓనరు.

"ఏందన్నా, గా గంప ఎప్పుడు తీస్తవు? గది కోసం మనుషులు అడుగుతున్నరు" అన్నాడు.

"నీ గది, నీ తాళం. నువ్వే తీయరాదు?" అన్నాను.

"నేనెందుకు తీస్త" అని పెట్టేశాడు.

కోరుట్లలో మనుషులు వచ్చి అడుగుతుంటే కూడా గదిని ఖాళీగా అట్టిపెట్టుకున్న ఓనరు బహుశా ఇతనొక్కడే. ఆ గదిలో సామానంటూ ఏమీ లేదు. నేల మీద బోర్లించిన వెదురు గంప, దాని కింద ఇంత బియ్యప్పిండి. అంతే. అయినా ఆయన ఆ గది ముందు నుంచి పోవాల్సి వస్తే చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని పోతున్నాడు.

గంప సంగతి చెప్పాలంటే మేడం సంగతి చెప్పాలి. పుట్టుపూర్వోత్తరాలు నన్ను అడగొద్దు. సిరిసిల్ల మనిషి, మరమగ్గాల ఇంటి పిల్ల, పెళ్ళి చేసుకోలేదు, కోరుట్లలో ఒక్కతే ఉండేది. ఏ బడికీ పూర్తి టీచరు కాదు. చిన్న తరగతుల పిల్లలతో చేతిపనీ సైన్సూ కలిపి చేయించేది. వారమంతా కోరుట్ల బడుల్లో తిరిగేది. శనివారం వస్తే నా ఆటోలో రాయికల్, పెగడపల్లి, ఒక్కోసారి జగిత్యాల దాకా.

నేను బడిపిల్లల ఆటో నడుపుతాను. ఏడో తరగతి దాకా చదివాను, ఎనిమిదికి నా అవసరం లేదని బడే తేల్చుకుంది. అలాంటివాణ్ణి ఇప్పుడు ఎండైనా వానైనా రోజూ ఠంచనుగా బడికి పోతున్నాను. గేటు దాకానే. గేటు లోపల ఇప్పటికీ నాకు కడుపులో నొప్పి వస్తుంది.

మేడం రావడం ఎప్పుడూ వినబడేది కాదు. అద్దంలో చూస్తే వెనక సీటు ఖాళీ. చాయ్ గ్లాసు కింద పెట్టి మళ్ళీ చూస్తే కూర్చుని ఉండేది.

"ఎప్పుడచ్చినవు మేడం?"

"నువ్వు చాయ్ ఊదుకునేటప్పుడు తమ్మీ."

గోడ వారన, రాళ్ళ మీద, గడ్డి మీద నడిచేది. వాన వెలిసిన పొద్దున బడి ఆవరణలో అందరి అడుగులూ బురదలో దిగబడి ఉంటాయి, హెడ్మాస్టరువి అయితే గుంతల్లా ఉంటాయి. ఆమెవి మాత్రం ఉండవు. ఇది ముందు పిల్లలే కనిపెట్టారు. "మామా, మేడంకు అడుగులు పడయి" అని ఒకడు నా చెవిలో చెప్పాడు.

"మంచిదే కద బిడ్డా, బడి ఆయమ్మకు తుడిచే పని తప్పింది" అన్నాను.

అందరూ నవ్వారు. నవ్విన తర్వాత ఆమె ఆటో దిగుతుంటే అందరూ ఆమె కాళ్ళ వైపే చూశారు. నేను మాత్రం చూడలేదంటే మీరు నమ్మరు.

అడిగితే ఆమె దగ్గర జవాబుంది. "నేల మీద పొద్దుగాల్నుంచి ఎవలెవలో రాసి పోతరు తమ్మీ. చదవకముందే మనం తొక్కుడెందుకు?"

ఆమె కుడిచేతి చూపుడు వేలికి కొన లేదు. కొత్త బడికి పోతే పిల్లలు మొదట అడిగేది అదే. ఆమె చెయ్యి చాపి, "ఏం కనబడుతున్నది? ముందుగాల అది చెప్పుండ్రి" అనేది.

"వేలు లేదు మేడం."

"వేలు ఉన్నది. మంచిగ చూడు."

"మేడం, గోరు లేదు. రెండు గీతలే ఉన్నయి."

"ఇప్పుడు చెప్పినవు. కనబడ్డది ఒకటి, అనుకున్నది ఒకటి. ముందు కనబడ్డది చెప్పాలె." ఆ తర్వాతగానీ చిన్నప్పుడు తను నాన్న మగ్గంలో చెయ్యి పెట్టిన కథ చెప్పేది కాదు. చెప్పేటప్పుడు ఆ మగ్గం చప్పుడు నోటితో చేసేది. టకటక, టకటక, టకటక... ఆపేసేది. ఆ ఆపడం పిల్లలకు అన్నిటికన్నా బాగా అర్థమయ్యేది.

ఆమె చేయించే వస్తువులు మామూలుగా ఉండేవి కావు. మామూలువే, నా ఆటోలోకి వచ్చేసరికి మారిపోయేవి. నీళ్ళ సీసా అడుగు కోసి, లోపల రెండు బుడగలు, కింద ఒక బుడగ చర్మం బిగించి, దానికి దారం. దారం లాగితే లోపలి బుడగలు ఉబ్బుతాయి. ఊపిరితిత్తులట. ఓసారి పెగడపల్లి పిల్లలు చేసినవన్నీ ఆటో కడ్డీకి వేలాడదీసుకుని తెస్తున్నాం. ప్రతి దారానికీ ఒక నట్టు కట్టి ఉంది. మా రోడ్లు తెలుసు కదా. గుంత వచ్చిన ప్రతిసారీ నట్లు కిందికి గుంజడం, ఆ సీసాలన్నీ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకోవడం. గుంత దాటగానే వదలడం. దారిలో ఒకామె లిఫ్టు కోసం చెయ్యెత్తింది. ఆటో ఆపాను. లోపలికి తొంగి చూసింది.

"అందరు లోపల్నే ఉన్నరా?" అని అడిగింది. ఎవరిని అడిగిందో తెలియదు. ఎక్కలేదు.

ఇంకోసారి నా ఆటోనే పెట్టె చేసింది. చుట్టూ నల్ల పరదాలు కట్టించి, సందులకు నల్ల చార్టు అతికించి, ముందద్దానికి అట్ట అడ్డం పెట్టి, దానికి పెన్సిలు పట్టేంత చిల్లు. వెనక సిరిసిల్ల తెల్లగుడ్డ. మిట్టమధ్యాహ్నం, మార్కెట్ రోడ్డుకు ఎదురుగా నిలబెట్టించింది. పిల్లలు లోపల కూర్చుని కేకలు. వాళ్ళ వంతు అయ్యాక నేనూ దూరాను. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక చూస్తే, రోజూ నేను తిరిగే రోడ్డే గుడ్డ మీద తలకిందులుగా నడుస్తోంది. కూరగాయల సంచితో ఆడవాళ్ళు, బర్రెలు, ఫోన్ మాట్లాడుతున్న కుర్రాడు, అందరూ కాళ్ళు పైకి పెట్టి పోతున్నారు. చప్పుడు మాత్రం మామూలుగానే బయటి నుంచి వస్తోంది. వాళ్ళకు మేం ఉన్నట్టు తెలియదు.

"పోయినోళ్ళకు మనం గిట్లనే కనబడుతమేమో మేడం" అన్నాను. నవ్వుతుందనుకుని అన్నాను.

"తెల్వదు" అంది. "ఎవలు చూసి వచ్చి చెప్పలే."

ఇతరులు నమస్తే అన్నంత తేలిగ్గా ఆమె తెల్వదు అనేది. నేను చదివిన బడిలో ఆ మాటకు బెత్తం ఉండేది. ఆమె తరగతిలో అదీ ఒక జవాబే.

అయితే ఇవన్నీ అటూ ఇటూ పోతూ చేసినవి. ఆమె మనసంతా పిండి పళ్ళెంలో ఉండేది. పెద్ద స్టీలు పళ్ళెం. బియ్యప్పిండిని గుడ్డలో పోసి, దులిపి, గాలికి లేచేంత మెత్తగా చేసి పళ్ళెంలో పరిచేది. చెక్క స్కేలు అంచుతో సాపు చేసేది. ఆఖరున తన డబ్బాలోంచి పాత రూపాయి బిళ్ళ తీసి, మూలన ఒత్తి, తీసేసేది. ఇప్పటి చిన్న బిళ్ళ కాదు, వెనకటి పెద్దది. "రేపు గిక్కడ ఒక అడుగు పడుతది. అది ఎంత పెద్దదో తెల్వాలంటే పక్కన మనకు తెలిసిన కొలత ఒకటి ఉండాలె." చూపుడు వేలు కొన లేదు కనక బొటనవేలుతో, మధ్యవేలుతో పట్టి ఒత్తేది. బిళ్ళ ముద్ర ఎప్పుడూ ఒక పక్క లోతుగా, ఇంకో పక్క తేలికగా పడేది, నెలవంకలాగా.

పళ్ళెం గోడ మూలకు జరిపాక పిల్లలు అక్కడే గొంతుక్కూర్చునేవాళ్ళు, ఏది వస్తుందో చూద్దామని. ఆమె లేపేది. "పాండ్రి. మనం ఉంటె రావు."

మర్నాడు వంగి చూడటం. చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి, అది రూలు. చీమ బాట, బొద్దింక కాళ్ళు, ఎలుక, పిల్లి, పిచ్చుక గంతు. కనబడ్డది చెప్పాలి, బొమ్మ వేయాలి, ఆ తర్వాతే పేరు.

నాలాంటివాడు అక్కడుండి ఊరుకుంటాడా. పిడికిలి అంచును పిండిలో ఒత్తి, పైన వేలికొసలతో చుక్కలు పెడితే చంటిపిల్ల పాదం పడుతుంది. గోకులాష్టమికి మా అమ్మ గడపలో అలాగే వేసేది. ఓసారి కోరుట్ల బడిలో భోజనాల వేళ, కడుపునొప్పి ఓర్చుకుని గేటు దాటి, ఆ పని చేసి వచ్చి ఏమీ ఎరగనట్టు ఆటో తుడుస్తున్నాను. లోపల ఒకటే గోల. రాత్రి బడిలోకి చిన్నపిల్ల వచ్చిందని ఒకతి ఏడుపు కూడా మొదలుపెట్టింది.

నేనూ పోయి తలుపు దగ్గర నిలబడ్డాను. మేడం చేతులు వెనక్కి కట్టుకుని వంగింది. "మడమల బరువు లేదు. ఒక్కటే అడుగు వేసింది, మరి ఇంకో కాలు ఏడ పెట్టింది?" తర్వాత నా వైపు చూసింది. "నడిచే పిల్ల కాలుకు రాగి ఉంగరం ఎవలు తొడిగిండ్రు తమ్మీ?"

నా చిటికెన వేలికి ఉంగరం ఉంది, కొండగట్టులో కొన్నది. పిండిలో దాని గీత చక్కగా పడింది. ఆ రోజు నుంచి పిల్లలు కోరుట్లలో ఏ గోడ మీద మరక చూసినా "మామ ఉంగరం ఉందా చూడుండ్రి" అనేవాళ్ళు.

ఈ పిండి పని గొడవలోకి దిగింది మూడో తరగతి సహస్ర వల్ల. నా ఆటోలో ముందు సీటు పిల్ల. వాళ్ళ నాన్న మస్కట్‌లో ఉంటాడు, ఇంట్లో అమ్మ, తాత, నానమ్మ. ఓ రోజు మేడం అందరికీ తలా కాస్త పిండి పొట్లం కట్టి, ఇంట్లో ఎవరెవరు తిరుగుతారో రాత్రికి చూసుకు రమ్మంది. అక్కడే పొరపాటు పడింది.

మా వైపు ఇంట్లో మనిషి పోతే, ప్రాణం పోయిన చోట అలికి పిండి పరుస్తారు. దీపం పెట్టి గంప బోర్లిస్తారు. మర్నాడు గంప ఎత్తి పిండిలో ఏ ముద్ర పడిందో చూసి, పోయినవాళ్ళు ఆ రూపంలో వచ్చిపోయారని చెప్పుకుంటారు. బతికినవాళ్ళున్న ఇంట్లో నేల మీద పిండి పరిచే తల్లి మా దగ్గర ఉండదు.

సహస్ర బుద్ధిమంతురాలు. తాత పడుకునే మంచం కింద బొద్దింకలు ఎక్కువని అక్కడే పరిచింది. పిల్లి నాకకుండా గంప బోర్లించింది. పాపం బొద్దింకలకు దారి కనబడాలని దీపం కూడా పెట్టింది. తెల్లవారుజామున ముసలాయన లేచి, తలాపున దీపం, గంప, పిండి చూసుకున్నాడు. పెళ్ళాన్ని లేపాడు.

"నేనెప్పుడు పోయిన్నే? నాకొక్క మాటన్న చెప్పొద్దా?"

ఆయన ఈ కథ వాడంతా చెప్పుకుని పళ్ళు లేని నోటితో నవ్వాడు. ఆయన భార్య నవ్వలేదు. బడి గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె వెనక ఇంకా కొందరు తల్లులు.

"మా ఇంట్ల మనిషి ఉండంగనే పిండి పరిపిస్తవా? నువ్వేం పంతులమ్మవు?"

"తప్పయింది అమ్మా. ఇగ ఇంటికి పంప" అంది మేడం. ఎదురు చెప్పలేదు. ఆ తర్వాత పిండి కాదు, జల్లెడ పట్టిన ఇసుక. అదీ బడిలోనే.

అంతటితో అయిపోయేది. కానీ ఆ వానాకాలం దాటకముందే ముసలాయన నిజంగానే పోయాడు.

పిండి పరిచారు, ఈసారి పెద్దవాళ్ళు. మర్నాడు గంప ఎత్తేటప్పుడు మస్కట్‌లో ఉన్న కొడుక్కి వీడియో కాల్ పెట్టి చూపిస్తున్నారు. "పిట్ట కాలు. పెద్దమనిషి పిట్టయి పోయిండు, పుణ్యాత్ముడు" అని తేల్చారు. అందరికీ కాస్త ఊపిరి ఆడింది. అప్పుడు సహస్ర చేతులు వెనక్కి కట్టుకుని వంగింది.

"పిట్ట గాదు. బల్లి. తోక ఈడ్చిన గీత ఉన్నది సూడుండ్రి."

నానమ్మ చెయ్యి ఎత్తితే తల్లి అడ్డం వచ్చిందట. ఆ దెబ్బ పడి ఉంటే నయం, ఆ పూటతో పోయేది. ముసలామె ఆ రోజు నుంచి పిల్లతో మాట్లాడటం మానేసింది. పిల్ల ఇచ్చిన నీళ్ళు ముట్టదు. "ఆనాడు దీపం పెట్టి పిలిచింది గిదే, ఇప్పుడు బల్లిని జేసింది గిదే" అని వచ్చినవాళ్ళందరితో అంది. మాట వాడలో పాకింది. నా ఆటోలో సహస్ర పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. ఇంత ఆటోలో అంతమంది పిల్లలు ఒకరి మీద ఒకరు పడి కూర్చుంటున్నారు, ముందు సీటులో ఆ పిల్ల పక్కన మాత్రం ఖాళీ. నేను ఎన్ని కోతివేషాలు వేసినా నవ్వలేదు. ఒకసారి మాత్రం అడిగింది. "మామా, నేను పిలిస్తెనే తాతకు సావొచ్చిందా?"

పిల్లను ఇంటి దగ్గర దింపి, నేరుగా పోయి మేడంకు చెప్పాను.

"పోదాం పా" అంది.

మేం వెళ్ళేసరికి ముసలామె గోడకు ఆనుకుని, చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేస్తోంది. మమ్మల్ని చూసి ఆకు కత్తిరిస్తూనే ఉంది. సహస్ర తలుపు వెనక నిలబడింది.

"అవ్వా, చాయ్ పోస్తవా, ఎల్లగొడుతవా? ముందే చెప్తె ఆటో ఆపుకుంట" అన్నాను.

నా వైపు చూడలేదు. కోడలి చేతిలోని ఫోన్ లాక్కుని మేడం ముందు పెట్టింది. గంప ఎత్తినప్పుడు తీసిన ఫోటో. "పెద్ద చదువులు చదివినవు కద. నువ్వు చెప్పు. పిట్టనా, బల్లినా?"

మేడం ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూసింది. చాలాసేపు చూసింది. పిట్ట అంటే అయిపోతుంది, ముసలామె మనసు నిమ్మళమవుతుంది అనుకున్నాను. మళ్ళీ అనుకున్నాను, పిట్ట అంటే తలుపు వెనక పిల్ల అబద్ధాలకోరు అయిపోతుంది.

"బల్లే అమ్మా" అంది మేడం.

కత్తెర ఆగింది.

"తోక గీత సాపుగ ఉన్నది. పిల్ల కరెక్టు చెప్పింది." ఫోన్ కింద పెట్టింది. "అయినా పిట్టయితె మీకేం లాభం? ఈపాటికి గోదావరి దాటి పోయేది. బల్లి ఏడికి పోతది? ఇంట్లనే ఉంటది. మీ గోడ మీదనే ఉంటది."

అందరం తలలెత్తాం. ఎందుకెత్తామో తెలియదు. ట్యూబులైటు పక్కన, బాగా ముదిరిన బల్లి ఒకటి తల కిందికి పెట్టి మా వైపే చూస్తోంది. అది పలికింది.

ముసలామె చెయ్యి దానంతట అదే నేల మీద తట్టింది, బల్లి పలికితే తట్టినట్టు. ఆ తర్వాత చాట పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, గోడ వైపు చూస్తూ అంది: "సహస్రా, మేడంకు నీళ్ళు తే బిడ్డా."

పిల్ల తలుపు వెనక నుంచి వచ్చింది. నీళ్ళు మేడంకు ఇచ్చి, ఇంకో గ్లాసు నానమ్మ ముందు పెట్టింది. ముసలామె తాగింది.

ఇప్పటికీ ఆ ఇంట్లో పొద్దు గూకకముందే ట్యూబులైటు వేస్తారు, పురుగులు రావాలి కదా, ఆయనకు ఆకలవుతుందని. ముసలామె బీడీలు చేస్తూ గోడతో మాట్లాడుతుంది. "కోడలు పప్పుల ఉప్పెక్కువ ఏసింది, నీకేంది, మంచిగున్నవు" అంటుంది. నేను పరాచకానికి ఓసారి ఆ బల్లికి నమస్తే పెట్టాను. ముసలామె సంతోషపడింది. బల్లి గోడ గడియారం వెనక్కి పోయింది. అప్పట్నుంచి పెట్టడం మానేశాను.

ఆ రోజు ముసలామె ఇంటి నుంచి తిరిగి వస్తుంటే మేడం తనంతట తానే మాట్లాడింది. అలా మాట్లాడటం అరుదు.

"మా నాయిన పోయినప్పుడు సిరిసిల్లల పిండి పరిచిండ్రు. అందరు హంస అన్నరు. నేను చూసిన తమ్మీ. ఏం లేదు. ఖాలీ పిండి. ఏం లేదని చెప్తె మా అమ్మ ఏడ్చింది. నేను తప్పు చూసిన్నేమో అని అప్పట్నుంచి చూస్తనే ఉన్న."

ఆటో చప్పుడు తగ్గించి నడిపాను. కాసేపటికి ఆమే అంది. "నేను పోతె పిండి నువ్వు పరుచు. గుడ్డల పట్టు, మామూలు జల్లెడతోని అయితె ఏం తెల్వది. చూసుడు మాత్రం నువ్వు చూడకు. సహస్రను చూడుమను. ఆ పిల్ల ఉన్నదే చెప్తది."

ఇలాంటి మాటలు నేను భరించలేను. "మీకు పిండెందుకు మేడం, మీకు అడుగులే పడయి కద" అన్నాను.

అద్దంలో చూశాను. నవ్వలేదు. నా మాటను తూకం వేస్తున్నట్టు, బయటికి చూస్తూ కూర్చుంది.

మొన్న దసరా సెలవుల్లో మేడం పోయింది. పొద్దున నీళ్ళు పట్టుకోలేదని ఇంటాయన తలుపు కొడితే పలకలేదు. చాప మీద, చెయ్యి తల కింద పెట్టుకుని ఉంది. సిరిసిల్ల నుంచి ఆమె తమ్ముడు బండి తీసుకుని వచ్చాడు, దహనం అక్కడే చేస్తానన్నాడు. కోరుట్ల పిల్లలు కొందరు వచ్చి గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు వాళ్ళకు.

నుదుటి మీద రూపాయి బిళ్ళ పెట్టాలి. ఎవరి జేబులోనూ లేదు. అంతమంది మనుషులం, అందరి పైసలూ ఫోన్లలోనే. ఆఖరుకు నేనే ఆమె డబ్బా తెరిచి ఆ పాత పెద్ద రూపాయి తీశాను. పసుపు అద్ది, ఆమె నుదుటన పెట్టాను.

బండి బయల్దేరాక ఇంటాయన భార్య గది అలికింది. ప్రాణం పోయిన చోట పిండి నేనే పరిచాను. సిరిసిల్ల గుడ్డలో దులిపి, ఆమె స్కేలుతోనే సాపు చేశాను. చెయ్యి అలవాటు చొప్పున డబ్బా వైపు పోయింది. బిళ్ళ లేదు కదా, సిరిసిల్ల పోతోంది. ఊరుకున్నాను. దీపం పెట్టి గంప బోర్లించాను. ఇంటాయన గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. నేను ఆటో వేసుకుని బండి వెనకే సిరిసిల్ల పోయాను. మానేరు ఒడ్డున నిప్పు పెట్టేటప్పుడు బిళ్ళ ఆమె నుదుటి మీదే ఉంది. ఇది నేను చూసింది, అనుకున్నది కాదు.

మర్నాడు పొద్దున సహస్రను తీసుకుని వచ్చాను. ఇప్పుడు నాలుగో తరగతి. నానమ్మ కూడా వచ్చింది, పిల్లను ఒక్కదాన్ని పంపనని. ఇంటాయన తాళం తీశాడు. దీపం ఆరిపోయి ఉంది. మేడం చెప్పినట్టు నేను చూడకూడదని గంప ఎత్తుతూ మొహం గోడ వైపు తిప్పుకున్నాను.

మరీ అంత నిశ్శబ్దంగా ఉంటే నాకు ఆగదు. తిరిగాను.

పిండి నేను సాపు చేసినట్టే ఉంది. చీమ కూడా రాలేదు. కోరుట్లలో అంత పిండికి ఒక్క చీమ కూడా రాలేదు. మూలన మాత్రం ఒక గుండ్రటి ముద్ర ఉంది.

ఇంటాయన నా వైపు తిరిగాడు. "పొద్దుపొద్దుగాల గిదేం పరాచకం అన్నా? సచ్చిన మనిషితోనా?"

"నేను పెట్టలే."

"ఇంకెవలు పెడుతరు? గిసొంటియి నీకు అలవాటే కద."

"చెవి నీ జేబుల ఉన్నది. నేను సిరిసిల్లల ఉన్న." నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది. జీవితమంతా జోకులు వేసినవాడికి నిజం చెప్పడానికి వేరే గొంతు ఉండదు.

"ఆగుండ్రి" అంది సహస్ర. చేతులు వెనక్కి కట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని వంగింది. చాలాసేపు చూసింది. మేడం ఫోటో చూసినంత సేపు.

"మామ గాదు. మామ ఒత్తితె సాపుగ పడుతది, ఉంగరం గూడ తగులుతది. గిది ఒక దిక్కు లోతుకున్నది, ఒక దిక్కు తేలికున్నది. పాత పెద్ద బిళ్ళ."

ఇంటాయన అప్పటికే గడప బయట ఉన్నాడు.

నానమ్మ పిల్ల భుజం పట్టుకుంది. అయినా వెనక్కి లాగలేదు. "మరి గిదేం రూపం బిడ్డా? ఏమైనట్టు మేడం?"

"ఏం గాలే నానమ్మా. గిది రూపం గాదు, కొలత. ముందుగాల కొలత పెడుతరు. అచ్చేది తర్వాత అస్తది."

"ఏమస్తది?"

"తెల్వదు" అంది సహస్ర, భయం లేకుండా, మేడం అన్నట్టే. లేచి, గోడ వారగా నడుచుకుంటూ గుమ్మం దగ్గరికి పోయి, నా కోసం ఆగింది. గంప ఇంకా నా చేతుల్లోనే ఉంది.

"మళ్ళ బోర్లియ్యి మామా. పోదాం పా. మనం ఉంటె రాదు."